బల్ల మీద లేని వస్తువు

పేర్రాజుకు చేతకాని పని ఒక్కటే, ఎదుటి మనిషి మొహం చూస్తూ కాదనడం. మిగతావన్నీ ఎంతో కొంత వచ్చు. రేడియోలు బాగుచేశాడు, ఫొటో స్టూడియో నడిపాడు, హోమియోపతి పుస్తకం కొనుక్కుని వీధిలో సగం మందికి తియ్యటి మాత్రలు పంచాడు, పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పాడు. ఏ పనిలోనూ మూడేళ్ళకు మించి నిలవలేదు. పెళ్ళిళ్ళలో ఎవరైనా ఆయన్ని చూపించి ఈయనెవరని అడిగితే "హైమావతిగారి భర్త" అని చెప్పేవారు. ఆ మాటకు ఆయన ఏనాడూ చిన్నబుచ్చుకోలేదు. పైగా కాస్త గర్వపడేవాడు కూడా.

గర్వపడాల్సిందే మరి. హైమావతి మెదడు మీద పరిశోధన చేసే శాస్త్రవేత్త. కాకినాడ రేవు దగ్గర మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీని ప్రయోగశాలగా మార్చి, ఏళ్ళ తరబడి కష్టపడి ఒక యంత్రం తయారుచేసింది. కాగితాల మీద దాని పేరు స్వధర్మ దర్శిని. జనానికి అంత పేరు నోరు తిరగక అన్నప్రాసన యంత్రం అన్నారు, అదే స్థిరపడింది. నిజానికి అంతకంటే సరైన పేరు లేదు. అన్నప్రాసన నాడు పసివాడి ముందు పుస్తకం, కలం, కత్తి, బంగారం, పువ్వులు పెడతాం. వాడు పాక్కుంటూ వెళ్ళి దేన్ని పట్టుకుంటే అదే వాడి బతుకని మురిసిపోతాం. వాడు కత్తి వైపు వెళుతుంటే తాతగారు కాలి బొటనవేలితో పుస్తకాన్ని కాస్త ముందుకు తోయడం కూడా ఆ తంతులో భాగమే. హైమావతి యంత్రం చేసేదీ అదే వెతుకులాట, కాకపోతే పెద్దవాళ్ళకు. బొటనవేలు మాత్రం ఉండకూడదని ఆమె నియమం.

అందుకే నల్ల తెర. తెర ఇవతల కుర్చీలో మనిషి, తలకు తీగల టోపీ. తెర అవతల గుండ్రంగా తిరిగే పెద్ద బల్ల, దాని మీద రెండు వందల నలభై వస్తువులు. మధ్యలో ఒక చిన్న కిటికీ. బల్ల తిప్పుతూ ఒక్కో వస్తువునీ కిటికీలోకి తోసి, మూడు క్షణాలు ఉంచి, వెనక్కి లాగాలి. ఆ పని పేర్రాజుది. నల్ల చేతితొడుగులు వేసుకుని, మనిషన్నవాడు ఉన్నట్టే తెలియకుండా చేయాలి. చెయ్యి ఒక వస్తువు కోసం లేవక ముందే, లేపాలన్న సంగతి ఆ మనిషికే తెలియక ముందే మెదడులో ఒక కదలిక పుడుతుందట. టోపీ దాన్ని వింటుంది. అద్దాల గదిలో కూర్చున్న హైమావతి ముందున్న కంప్యూటర్ తెర మీద గీత ఒకటి లేస్తుంది. అన్నిటికంటే ఎత్తుగా లేచిన గీత దేనిదో, అదే ఆ మనిషి పుట్టిన పని.

మొదట్లో యంత్రం అక్కడితో ఆగేది. ఫలితం చెబితే జనం బాగుందండీ అని తలూపి, ఇంటికి వెళ్ళి, మర్నాడు పాత కొలువుకే బయల్దేరేవారు. హైమావతికి ఒళ్ళు మండింది. అందుకని రెండో అంకం చేర్చింది. దొరికిన ఆ కదలికనే పెద్దది చేసి, నలభై నిమిషాల పాటు తిరిగి ఆ మెదడుకే వినిపించడం. దీన్ని ప్రయోగశాలలో ఎరువు అనేవారు. ఎరువు పడిన మనిషికి ఇక సందేహం ఉండదు. ఒకసారి మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు, ఆపితే మూర్ఛలు వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. ఆ ఎరువు మొట్టమొదట వేసుకున్నది హైమావతే, పదేళ్ళ కిందట. తన మీద చేసుకోకుండా మరొకరి మీద చేయనంది. ఆమె గీత ఆ యంత్రం తాలూకు తీగ ముక్క దగ్గరే లేచింది, అందరూ చప్పట్లు కొట్టారు.

సరదాకు పేర్రాజును కూడా ఒకసారి కూర్చోబెట్టారు. రెండు వందల నలభై వస్తువులకీ ఆయన గీత కాస్త కాస్త లేచింది. గులాబీ అంటు దగ్గరా అంతే, స్క్రూడ్రైవర్ దగ్గరా అంతే. యంత్రం ఎర్ర దీపం వెలిగించి "తీర్మానం లేదు" అని రాసింది. తీర్మానం లేనివాడికి ఎరువు కూడా ఉండదు. ప్రయోగశాలలో కుర్రాళ్ళు ఆయన్ని చాటుగా తీర్మానం లేదుగారు అని పిలుచుకునేవారు. విన్నా ఆయన విననట్టే ఉండేవాడు.

వేసవి మొదట్లో ఒక ఉదయం ఆదిలక్ష్మి వచ్చింది. యంత్రం గొప్పకు గుర్తుగా ప్రయోగశాల గోడ మీద ఫొటో పటం కట్టి పెట్టిన నూకరాజు భార్య. రెండేళ్ళ కిందట నూకరాజు బస్సు కండక్టరు. యంత్రంలో చెక్కను చెక్కే బాడిస చూడగానే అతని గీత పైకప్పు తాకింది. ఎరువు పడిన వారానికి ఉద్యోగం మానేసి తాళ్ళరేవులో పడవలు కట్టేవాళ్ళ దగ్గర చేరాడు. ఇవాళ అతను కట్టిన పడవ కోసం ఒడిశా నుంచి మనుషులొచ్చి కాచుకుంటున్నారు. పేపర్లో బొమ్మ కూడా పడింది.

"అమ్మగారున్నారాండి?" అంది ఆదిలక్ష్మి గుమ్మంలోనే నిలబడి.

"మీటింగులో ఉన్నారమ్మా. నాతో చెప్పు, పర్లేదు."

ఆమె కూర్చోలేదు. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ చెప్పింది. "మొన్న వాన కురిసింది కదండి. మా పిల్లకి ఒళ్ళు కాలిపోతందండి. ఆటో దొరక్క ఆయన షెడ్డుకాడికి ఎత్తుకెళ్ళానండి. అక్కడో టార్పాలిన్ పట్టా ఉంటే దాని కింద పడుకోబెట్టానండి. ఆయనొచ్చాడండి. సూశాడండి. పట్టా లాగేసి చెక్కల మీద కప్పుకున్నాడండి."

పేర్రాజు కుర్చీ ఆమె వైపు జరిపాడు.

"కోపంగా కాదండి బాబూ. నవ్వుతానే. చెక్క తడిస్తే వంకర పోద్దంట. పిల్ల వానలోనే ఉందండి. ఆ పిల్లని బుజాల మీంచి దింపేవోడు కాదండి ఒకప్పుడు." ఆమె వేలికి చుట్టిన కొంగు విప్పింది. "తాగుబోతయితే కొడతాడండి, తిడతాడండి, పొద్దున్నే ఏడుత్తాడండి. ఈయనకేటీ లేదండి. పేరెట్టి పిలవడు. ముద్ద చేతికిస్తే తింటాడు, ఏం కూరో అడిగితే సెప్పలేడు. అయినవోళ్ళు పోయారంటే ఎన్నింటికి లెగుత్తుంది సవం అంటాడు, పని మానాలి కదా అని. మరి సుఖంగా ఉన్నాడండి. అదేనండి నా బయ్యం."

అమ్మగారితో చెబుతానని పేర్రాజు ఆమెను పంపేశాడు. కానీ ఆమె చెప్పిన చివరి మాటలు ఆయన కాళ్ళకు అడ్డం పడ్డాయి. కిందటి నెల పులుసులో ఉప్పు వేయడం మర్చిపోయాడు. హైమావతి రెండుసార్లు కలుపుకుని తిని లేచింది. రెండేళ్ళ కిందట ఆమె తల్లి పోయింది. కబురు వినగానే హైమావతి "ఎన్నింటికి అయిపోతుంది?" అంది. ఆ మాట ఆయన చెవులారా విన్నాడు, ఎంత నిబ్బరం గల మనిషో అనుకున్నాడు. గవ్వలాటలో దొంగాట ఆడి, దొరికిపోయి, పడి పడి నవ్విన హైమావతి ఒకర్తె ఉండేది. ఆ నవ్వు ఆఖరిసారి ఎప్పుడు విన్నాడా అని లెక్కవేశాడు. లెక్కల మాస్టరు కదా, జవాబు వెంటనే తేలింది. పదేళ్ళు. 

సాయంత్రం అందరూ వెళ్ళాక అద్దాల గదిలోకి వెళ్ళాడు. ఆదిలక్ష్మి చెప్పిందంతా చెప్పాడు.

"ఊహించిందేనండీ," అంది హైమావతి కంప్యూటర్ తెర మీంచి చూపు తిప్పకుండా. "నూకరాజును కిందటి నెలే మళ్ళీ పరీక్షించాను. మిగతా గీతలన్నీ పడిపోయాయి. నీళ్ళన్నీ ఒక్క కాలవకే తిప్పితే పక్క కాలవలు ఎండవా?"

"నీకు తెలుసా ఇది?"

"తెలుసు. గొప్పవాళ్ళంతా అంతే కదా. ఇల్లూ వాకిలీ పట్టించుకుంటూ ఎవరు గొప్పవాళ్ళయ్యారు చెప్పండి? వాళ్ళకు నలభై ఏళ్ళు పట్టేది, నేను నలభై నిమిషాల్లో చేస్తున్నాను."

"జ్వరంతో ఉన్న పిల్ల మీద పట్టా లాగేశాడు హైమా."

హైమావతి మొదటిసారి తలెత్తింది. "చెక్క తడవలేదు కదా?" అని అడిగింది.

వెటకారం కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. పేర్రాజు ఆ మొహంలో తన భార్య కోసం చాలాసేపు వెతికాడు. ఎక్కడా దొరకలేదు. ఏడుపొస్తే వచ్చిందని చెప్పుకోవడానికి కూడా ఇంట్లో మనిషి లేదని అప్పుడు తెలిసింది. ఆయన గుమ్మం దాటుతుంటే ఆమె వెనక నుంచి, "అన్నట్టు ఇరవై ఆరున విద్యాశాఖ సెక్రటరీగారు వస్తున్నారు. జూన్ నుంచి నలభై స్కూళ్ళలో పెడతారట. మొదట మన అమ్మాయినే కూర్చోబెడతానని చెప్పాను. అదీ ఒప్పుకుంది," అంది.

వాళ్ళమ్మాయి పేరు మౌక్తిక. పేర్రాజు మాత్రం ముత్యం అని పిలుస్తాడు. పదిహేడేళ్ళు, ఇంటర్ పరీక్షలు అప్పుడే అయ్యాయి. అచ్చం తండ్రి పోలిక. పాడుతుంది, బొమ్మలు వేస్తుంది, స్కూటర్ ప్లగ్గు తనే మారుస్తుంది, క్రికెట్‌లో మగపిల్లల వికెట్లు తీస్తుంది, కష్టమైన లెక్క కనిపిస్తే అన్నం మర్చిపోతుంది. ఒక్కోదానిలో ఆర్నెల్లు. ఆ తర్వాత మరొకటి.

ఆయన ఇంటికి వచ్చేసరికి ఆ పిల్ల వాకిట్లో స్కూటర్ విప్పుకుని కూర్చుంది. పేర్రాజు ఎదురుగా పీట వేసుకుని, నూకరాజు సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. పిల్ల చేతిలో స్పానరు ఆగింది.

"పాపం," అంది. కాసేపాగి, "కానీ అందరికీ అలా అవుద్దని ఏముంది నాన్నా? అమ్మ బాగానే ఉందిగా."

మీ అమ్మ బాగాలేదురా అనాలి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. తల్లి ఎలా ఉండేదో ఆ పిల్లకు సరిగ్గా గుర్తు కూడా లేదు. గుర్తులేనిదాన్ని పోగొట్టుకున్నావని ఎలా చెప్పడం?

"మీ అమ్మ... మీ అమ్మ సంగతి వేరు," అన్నాడు.

"అదేగా నేననేది. అమ్మకి తెలుసు తనేంటో. పొద్దున లేస్తే ఏం చెయ్యాలో తెలుసు. నాకు తెలీట్లేదు నాన్నా. ఏం చదువుతావమ్మా అని ఎదురింటి మామ్మగారు అడిగినా భయమేస్తోంది. అన్నీ వచ్చు, ఏదీ నాది కాదు. నాకు..." ఆ పిల్ల తల వంచుకుంది. "నాకు నీలా అయిపోతానేమోనని భయం."

అనేసింది. అన్నాక తనే ఏడ్చింది. గ్రీజు చేతులతోనే తండ్రి మెడ కావిలించుకుని, అలా కాదు నాన్నా, నా ఉద్దేశం అలా కాదు అని వెక్కిళ్ళు పెట్టింది. పేర్రాజు ఆ పిల్ల వీపు నిమురుతూ, పర్లేదురా ముత్యం, నిజమే కదా అన్నాడు. గుండెలో గునపం దిగినా ఆ మాట మామూలుగానే అన్నాడు. వద్దని ఆ క్షణంలో గట్టిగా చెప్పి ఉంటే ఆ పిల్ల వినేదేమో. కానీ ఏమీ కాలేకపోయిన తండ్రి కూతుర్ని ఏదో ఒకటి కాకుండా అడ్డుపడుతున్నాడని అనుకుంటుందేమో అని ఆయనకు తోచింది. అంతే, కాదనలేకపోయాడు.

కాదనలేని మనిషి ఊరుకుంటాడా, దొడ్డిదారి వెతుకుతాడు. ఆయనకు దొరికిన దారి తాతల నాటిదే. బొటనవేలు.

యంత్రానికి ఏదైనా దొరికితే పచ్చ దీపం వెలిగి ఎరువు మొదలవుతుంది, ఏమీ దొరక్కపోతే ఎర్ర దీపం వెలుగుతుంది. ఎర్ర దీపం వెలిగితే ఎరువు లేదు. తనకు ఏదీ తేలనట్టే, ఆ పిల్లకూ దేనికీ గీత లేవకుండా చేస్తే సరి. కూతురు గీత దేని దగ్గర లేస్తుందో లోకంలో తెలిసినవాడు తనొక్కడే. ఇరవై ఐదో తారీకు మధ్యాహ్నం, అందరూ భోజనాలకు వెళ్ళినప్పుడు బల్ల దగ్గర కూర్చుని ఏరడం మొదలుపెట్టాడు. శ్రుతిపెట్టె తీశాడు. కుంచె తీశాడు. క్రికెట్ బంతి, స్పానరు, జామెట్రీ పెట్టె తీశాడు. మూడేళ్ళప్పుడు చీమలు ఎక్కడికి పోతున్నాయో చూస్తూ ఎండలో కూర్చుని వడదెబ్బ తెచ్చుకుందని గుర్తొచ్చి భూతద్దం తీశాడు. ఆరో తరగతిలో కుక్కపిల్ల కాలికి కట్టు కట్టిందని బ్యాండేజీ తీశాడు. ఒక్కో వస్తువు తీస్తుంటే ఒక్కో వయసులో ముత్యం కళ్ళ ముందు కదిలింది. ముప్పై ఒక్క వస్తువులయ్యాక, అనుమానమెందుకని మిగతావి కూడా అన్నీ తీసేశాడు. వాటి స్థానంలో ఖాళీ డబ్బాలు, మేకులు, గోనె ముక్కలు, తుప్పు పట్టిన గొళ్ళేలు పెట్టాడు. పని పూర్తయ్యాక బల్ల చూసుకుంటే పాత ఇనప సామాన్ల కొట్టులా ఉంది. జీవితంలో మొదటిసారి ఒక పని చివరిదాకా చేశానన్న తృప్తి కలిగింది.

మర్నాడు పది గంటలకు సెక్రటరీగారు పరివారంతో దిగారు. ముత్యం లేత ఆకుపచ్చ చుడీదార్ వేసుకుని వచ్చింది. కుర్చీలో కూర్చుంటూ తండ్రి వైపు చూసి భయంగా నవ్వింది. హైమావతి తన చేత్తోనే టోపీ తొడిగి అద్దాల గదిలోకి వెళ్ళిపోయింది. పేర్రాజు తొడుగులు వేసుకుని తెర వెనక్కి వెళ్ళాడు.

ఇక బల్ల తిప్పబోతుంటే ఫొటోలు తీసే అతను తెర పక్క నుంచి తల లోపలికి పెట్టాడు. "సార్, ఈ నల్ల తెర అడ్డంగా ఉందండి. బల్లా అమ్మాయీ ఒకే ఫ్రేములో పడాలంటున్నారు సెక్రటరీగారు. కాస్త పక్కకి లాగుతారా?"

తెర తీయకూడదు. నియమాల కాగితంలో మొదటి వాక్యమే అది. అద్దాల గదిలో హైమావతి వీపు ఇటు పెట్టి మీటలు సరిచేసుకుంటోంది. చూసి ఉంటే ప్రళయం చేసేది. పేర్రాజు ఫొటోగ్రాఫర్ మొహం చూశాడు. బల్ల మీద ఎలాగూ ఏమీ లేదు కదా, తెర ఉంటే ఎంత, లేకపోతే ఎంత అనుకున్నాడు. తెర లాగేశాడు.

మొదటి వస్తువు ఖాళీ డబ్బా. చేత్తో ముందుకు తోసి, మూడు క్షణాలుంచి, వెనక్కి లాగాడు. ముత్యం డబ్బా వైపు చూసింది, తర్వాత ఆయన వైపు చూసింది. రెండోది మేకు. మూడోది గోనె ముక్క. వరుసగా వచ్చే చెత్త చూసి ఆ పిల్ల మొహంలో కలవరం మొదలైంది. నూరు దాటేసరికి కలవరం భయమైంది. ఏమీ దొరకట్లేదు, దేనికీ పనికిరానేమో అన్న భయం. ఆ భయంతో వస్తువులు చూడడం మానేసి తండ్రినే చూడసాగింది. పేర్రాజు ధైర్యం చెబుతున్నట్టు చిన్నగా తలూపాడు. నూట యాభై, రెండు వందలు. ఆయన చెయ్యి ముందుకు వచ్చిన ప్రతిసారీ ఆ పిల్ల ఊపిరి తేలికపడుతోంది. రెండు వందల నలభైయో వస్తువు, తుప్పు పట్టిన గొళ్ళెం, వెనక్కి లాగి తొడుగులు విప్పుకున్నాడు. హమ్మయ్య అనుకుంటూ దీపం వైపు చూశాడు.

పచ్చ దీపం వెలిగింది.

ఆయన పరుగెత్తుకుంటూ అద్దాల గదిలోకి వెళ్ళేసరికి ఎరువు మొదలై అర నిమిషం అయింది. "ఆపు హైమా! ఆపెయ్!"

"ఆపితే చచ్చిపోతుంది," అంది హైమావతి. ఆమె చూపంతా గీతల మీదే ఉంది, మొహం వెలిగిపోతోంది. "ఇంత ఎత్తు గీత నేనెప్పుడూ చూడలేదండీ. నూకరాజుది ఇందులో సగం లేదు."

"దేనిది? ఏ వస్తువుది?"

"అదే వింత. వస్తువు కనిపించక ముందే లేస్తోంది. రెండు వందల నలభై సార్లూ ఒకేలా. వస్తువు కంటే ముందు కిటికీలోకి వచ్చేదేమిటి?" ఆమె వెనక్కి తిరిగి, లాగేసిన తెరను, కుప్పగా ఉన్న మేకులను, భర్తను వరుసగా చూసింది. అన్నీ అర్థమయ్యాయి. కోప్పడుతుందని పేర్రాజు ఎదురుచూశాడు. చెంప మీద కొట్టినా బాగుండుననిపించింది.

"మామూలు బల్ల అయితే ఇది బయటపడేదే కాదు," అంది మెల్లగా, మెచ్చుకుంటున్నట్టు. "పాట మధ్యలో, బొమ్మల మధ్యలో కలిసిపోయేది. అన్నీ తీసేసి మిమ్మల్ని ఒక్కర్నే మిగిల్చారు. ఎంత చక్కటి ప్రయోగం!"

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. పేర్రాజు అద్దానికి నుదురు ఆనించి ఆ నలభై నిమిషాలూ నిలబడ్డాడు. అద్దం అవతల ముత్యం మొహంలో భయం పోయింది. సందేహం పోయింది. ఇరవయ్యో నిమిషానికి ఆ పిల్ల తల తిప్పి సరిగ్గా ఆయన నిలబడ్డ చోటికి చూసి నవ్వింది. అంత నిశ్చింతగా ఆ పిల్ల నవ్వడం ఆయన ఎప్పుడూ చూడలేదు. సెక్రటరీగారికి గీతల సంగతి అవసరం లేదు, పచ్చ దీపం చాలు. ఆయన చప్పట్లు కొట్టి, నలభై స్కూళ్ళ కాగితం మీద అక్కడే సంతకం పెట్టాడు. హైమావతి కూతురి ఫైలులో ఫలితం అన్న చోట సఫలం అని రాసింది.

మొదటి వారం పేర్రాజు తనను తాను మోసం చేసుకున్నాడు. ఆడపిల్లకు తండ్రంటే ప్రేమ ఉండదా అనుకున్నాడు. దాహం వేయకముందే మంచినీళ్ళ గ్లాసు చేతిలోకి వచ్చేది. చొక్కా ఇస్త్రీ అయ్యేది. ఆయనకు ఏ కూర అరుగుతుందో, ఏది అరగదో కాగితం మీద రాసుకుంది. రెండో వారం స్కూటర్ భాగాలు వాకిట్లో అలాగే తుప్పు పడుతున్నాయని గమనించాడు. పాడమని అడిగితే పాడింది. శ్రుతి తప్పలేదు, కానీ పాడుతున్నంతసేపూ ఆయన మొహమే చూసింది, నచ్చిందో లేదో కనిపెట్టడానికి. స్నేహితురాళ్ళు ఫోను చేస్తే పలకడం మానేసింది.

జూన్‌లో డిగ్రీ కాలేజీలో చేర్పించడానికి వెంటబెట్టుకుని వెళ్ళాడు. గేటు దాకా వచ్చింది.

"నువ్వూ లోపలికొస్తావా నాన్నా?"

"నేనెలా వస్తాన్రా? నువ్వెళ్ళు, సాయంత్రం వస్తాను."

"అయితే నాకెందుకు?" అంది. ఆ గొంతులో మొండితనం లేదు, పెంకితనం లేదు. అర్థం కాని ప్రశ్న అడిగిన పెద్దమనిషికి ఓపికగా సమాధానం చెప్పినట్టు చెప్పి, ఆయన చేతిలో సంచి తీసుకుని ఇంటి దారి పట్టింది.

దూరంగా ఉంటే మర్చిపోతుందేమోనని, రెండు రోజులు అమలాపురంలో చెల్లెలింటికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఎదురింటి మామ్మగారు వీధి మలుపులోనే పట్టుకుంది. "ఏం నాయనా, బుద్ధుందా నీకు? నువ్వెళ్ళిన దగ్గర్నుంచీ పిల్ల ఆ అరుగు మీదే కూర్చుంది. నేను పెట్టినా ముట్టలేదు. వాళ్ళమ్మ దాటుకుంటూ వెళ్ళొస్తోంది తప్ప ఒక్క మాట అడగదు."

ముత్యం అరుగు మీద గోడకు చేరబడి ఉంది. పెదవులు పగిలి రక్తం ఎండింది. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి, వాటిలో ఏమీ లేదు. పేర్రాజు మెట్టెక్కగానే ఆ కళ్ళలోకి మనిషి వచ్చింది. లేవబోయి తూలింది, గోడ పట్టుకుని లోపలికి వెళ్ళింది, గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. రెండు రోజులుగా గొంతు తడవని పిల్ల. ఆ నీళ్ళు తెచ్చి ఆయనకు ఇచ్చింది.

"ఎండలో వచ్చావు, తాగు నాన్నా."

ఆయన సగం తాగి, సగం బతిమాలి ఆ పిల్ల చేత తాగించాడు. ఆ తర్వాత వీధి తలుపు వేసుకుని గట్టిగా ఏడ్చాడు. ఆయన ఏడుస్తున్నంతసేపూ ఆ పిల్ల తువ్వాలు పట్టుకుని పక్కనే నిలబడింది.

హైమావతిని అడిగాడు. కాళ్ళు పట్టుకున్నంత పని చేసి అడిగాడు. పాట గీతకో బొమ్మ గీతకో మళ్ళీ ఎరువు వేయలేవా అని. ఆమె కాగితాలు తిరగేసి, "వేయడానికి మొక్కలేవీ మిగల్లేదండీ," అంది. మరుక్షణం నలభై యంత్రాల తీగల లెక్కలో మునిగిపోయింది.

శ్రావణంలో ఒకరోజు పేర్రాజు డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. బీపీ ఉందని పదేళ్ళుగా తెలుసు, ఏనాడూ మందు వేసుకోని మనిషి. ఇప్పుడు రక్తం, గుండె, కళ్ళు, మూత్రపిండాలు అన్నీ పరీక్ష చేయించాడు. రోడ్డు దాటేటప్పుడు రెండుసార్లు అటూ ఇటూ చూస్తున్నాడు. చేప తింటే ముల్లు గుచ్చుకుంటుందని చేప మానేశాడు.

కుర్ర డాక్టరు రిపోర్టులు చూసి నవ్వాడు. "యాభై మూడేళ్ళకు ఇది మామూలేనండీ. మందులేసుకుంటే ఇంకో పాతికేళ్ళు ఢోకా లేదు."

"సరిపోదండి," అన్నాడు పేర్రాజు.

"మరెన్నేళ్ళు కావాలి మీకు?"

"నూట ఆరు దాకా బతకాలండి."

డాక్టరు పకపకా నవ్వాడు. "అంత ఆశ ఎందుకండీ బాబూ? నూట ఆరేంటి, సరిగ్గా లెక్క కట్టినట్టు?"

"లెక్కే కట్టానండి. మా అమ్మాయికి పదిహేడు. డెబ్బై దాకా బతుకుతుందనుకున్నా ఇంకా యాభై మూడేళ్ళు. అన్నాళ్ళూ నేనుండాలి." ఆయన రిపోర్టులు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఒక్క రోజు ముందు పోయినా ఆ పిల్ల ఏమైపోద్దో నాకు తెలుసండి. రెండు రోజులు చూశాను."

డాక్టరు నవ్వు ఆపేసి కాగితం మీద మందులు రాయసాగాడు. తలుపు తోసుకుని ముత్యం లోపలికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. తండ్రి కుర్చీ వెనక నిలబడి, ఆయన చొక్కా కాలరు సరిచేసి, చీటీ కోసం చెయ్యి చాపింది.

"ఏ మందు ఎన్నింటికి వెయ్యాలో నాకు చెప్పండి డాక్టరుగారూ," అంది. "అది నా పని."

ఆ మాట అంటుంటే ఆ పిల్ల మొహం సంతోషంతో కళకళలాడింది.